మెల్లగా పెట్టిన పాట

ఫిబ్రవరి 11

మరదలికి,

మొన్న ఫోన్‌లో "వదినా, నువ్వు గొణుగుతావు, ఒక్క ముక్క అర్థం కాదు, ఉత్తరం రాయి" అని కోప్పడ్డావు కదా, అందుకని కాగితం తీశాను. పుస్తకాలు కుట్టేదాని ఇంట్లో కాగితానికి కరువేముంది. అంచులు కోయగా మిగిలిన ముక్కల మీద రాస్తున్నాను. వరసలు వంకరగా పోతే అది కాగితం తప్పు.

పెళ్లికి నువ్వు పంపిన ఆంప్లిఫయర్‌ కట్టు ఇన్నాళ్లకి విప్పాం. ఇద్దరు మనుషులు పట్టి మేడ మీదికి ఎక్కించారు. ముందు గదిలో నా కుట్టుబల్ల పక్కన పెట్టాం. అంత నలుపు, అంత బరువు. పెద్దమనిషి ఎవరో వచ్చి కూర్చున్నట్టుంది. దాని ముందు కాళ్లు చాపుకోవాలంటే మొహమాటంగా ఉంది నాకు.

మా ఇంటి సంగతి నీకు తెలిసిందే. మీ అన్నయ్య రాత్రంతా బేకరీలో పొయ్యి దగ్గర. తెల్లవారాక కనుబొమల్లో పిండితో వస్తారు, ఇంత తిని పడుకుంటారు. ఆయన గదికీ నా గదికీ మధ్య తలుపు లేదు, పరదా ఒక్కటే. వీధికి పట్టపగలు, మాకు నడిరాత్రి. కిటికీ తెర దాటి వచ్చే వెలుగు కూడా చెప్పులు విడిచి వచ్చినట్టు వస్తుంది. ఆ మసకలో నేను కాగితాలు మడతపెడుతూ, కుడుతూ ఉంటాను.

ఆ వేళ మెల్లగా పాట పెట్టుకోవాలని నా ఆశ. ఎంత మెల్లగా అంటే, వింటున్నానో గుర్తు చేసుకుంటున్నానో నాకే తెలియనంత. కానీ నీ పెట్టె నాబు గోరంత తిప్పితే ఎడమ స్పీకరు పాడుతుంది, కుడిది మౌనవ్రతం పడుతుంది. ఇంకో గోరంత తిప్పితే ఇల్లు ఎగిరిపోతుంది. పైగా సన్నగా ఇసుక జారుతున్నట్టు ఒక చప్పుడు. పాట ఆపినా ఆ ఇసుక ఆగదు.

ఇది ఫిర్యాదు కాదు సుమా. మీ అన్నయ్య నిన్ను ఇంకా ఢంకా అనే అంటారు. "మా ఢంకా చేసిన పెట్టెకి మెల్లగా పాడటం ఎవరు నేర్పుతారు" అని నిన్న నవ్వారు.

నీ వదిన

* * *

ఫిబ్రవరి 20

వదినకు,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కాబట్టి నీ మీద సగం కోపం తెచ్చుకునే హక్కు నాకుంది. తక్కిన సగం అన్నయ్యకి వదిలేస్తున్నాను.

నేను పెద్ద హాళ్లకి ఆంప్లిఫయర్లు చేసేదాన్ని. వందలమంది కబుర్లు చెప్పుకుంటూ కుర్చీలు ఈడ్చుకుంటున్నా చివరి వరస దాకా మాట వినిపించాలని చేసిన పెట్టె అది. దాన్ని నువ్వు గుసగుసలాడమంటున్నావు. ఏనుగుని పిలిచి సూదిలో దారం ఎక్కించమన్నట్టుంది.

అయినా చెప్తాను. ఆ నాబు లోపల రెండు స్పీకర్లకి రెండు పట్టీలుంటాయి, ఇరుసు ఒకటే. సగం దాకా తిప్పితే రెండూ జోడెద్దుల్లా కలిసి నడుస్తాయి. మొదట్లో మాత్రం ఒకటి కదులుతుంది, ఒకటి మొరాయిస్తుంది. హాల్లో ఆ మొదటి గోరంత ఎవరికీ అక్కర్లేదు. నీ బతుకంతా ఆ గోరంతలోనే ఉంది. అందుకని ఒక చిన్న డబ్బీ పంపుతున్నాను. ప్లేయరుకీ ఆంప్లిఫయరుకీ మధ్య తగిలించు. పాటని లోపలికి పోకముందే పలచన చేస్తుంది. అప్పుడు నాబుని నువ్వు సగం దాకా నిర్భయంగా తిప్పుకోవచ్చు.

ఇసుక సంగతి మాత్రం ఒప్పుకోను. పంపే ముందు స్పీకరుకి చెవి ఆనించి నేనే విన్నాను. నిశ్శబ్దం. మీ ఇంట్లో కుళాయి కారుతుందేమో చూడు.

ఇక్కడ మా వర్క్‌షాపులో అందరికీ కొత్త జబ్బు పట్టుకుంది, నోట్లో నోట్లో మాట్లాడటం. కాయిల్స్ చుట్టే అక్క మరీను. పక్కనే కూర్చుని ఏదో అంటుంది, నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఎందుకు నవ్వానో సాయంత్రం దాకా తెలియదు.

ఒకటి అడుగుతాను, దాచకు. పాట పెడితే అన్నయ్య విసుక్కుంటున్నాడా? చిన్నప్పుడు ఆకు రాలినా లేచి కూర్చునేవాడు.

ఢంకా

* * *

మార్చి 6

మరదలా,

నీ డబ్బీ నిజంగా మంత్రమే వేసింది. రెండు స్పీకర్లూ ఇప్పుడు ఒకే మాట మీద ఉన్నాయి. నాబు సగానికి తిప్పినా ఇల్లు కదలదు. నిన్న మధ్యాహ్నం ఒక లావు పుస్తకం కుడుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. సూది దిగడం, దారం రావడం, దూరంగా ఎవరో పాడటం, లోపల మీ అన్నయ్య ఊపిరి, అన్నీ ఒకే చోటి నుంచి వస్తున్నట్టు అనిపించింది. కళ్లు తెరుచుకునే కల కన్నాను. ఆఖరికి చూసుకుంటే ఒక మడత తలకిందులుగా కుట్టేశాను. ఊడదీసి మళ్లీ కుట్టాను, విసుగు కూడా రాలేదు.

అయితే రెండు సందేహాలు. పాటలో కింది స్వరాలన్నీ ఎక్కడికో పోయాయి. డ్రమ్ము మోగాల్సిన చోట వేలితో అట్ట మీద కొట్టినట్టుంది. గొంతు బాగా సన్నబడిన చోట కొస కాస్త గరగరలాడుతుంది, గీత పడిన అద్దంలోంచి చూసినట్టు.

రెండోది, ఇసుక పోలేదు. కుళాయిలు కట్టేశాను, కిటికీలు మూశాను. స్పీకర్లోంచే జారుతోంది. నాకేమైనా భ్రమేమో అని మీ అన్నయ్యని కూడా వినమన్నాను. "అవును, ఉంది" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆయన అనరు. అదే నా భయం. ఈమధ్య మనిషి కాస్త చిక్కారు కూడా. మొన్న ముంజేతి మీద కాలిన మచ్చతో వచ్చారు. నిద్ర చాలక పొయ్యి దగ్గర తూలారేమో అడిగితే నవ్వి ఊరుకున్నారు. నా పాటల వల్ల నిద్ర చెడుతోందేమో. రోజూ కాకుండా ఎప్పుడైనా పెట్టుకుందాంలే అనుకుంటున్నాను.

నీ వదిన

* * *

మార్చి 15

వదినకు,

కింది స్వరాలు ఎక్కడికీ పోలేదు. మన చెవే అంత. చప్పుడు తగ్గేకొద్దీ అది మధ్య స్వరాలని పట్టుకుని కిందివాటినీ పైవాటినీ జార్చేస్తుంది. దానికి మందుంది. మెల్లగా పెట్టుకున్నప్పుడు ఆ రెండు కొసల్నీ కాస్త పైకెత్తే ఏర్పాటు పెట్టాలి. హాల్ పెట్టెలో అది ఉండదు.

గరగరకి కారణం నీకు ఇట్టే అర్థమవుతుంది, నువ్వు కుట్టేదానివి. నీ పెట్టెలో పాట అలలా పోతుంది, ఆ అల పై సగాన్ని ఒక భాగం మోస్తుంది, కింది సగాన్ని ఇంకొకటి మోస్తుంది. చేతులు మారే చోట చిన్న అతుకు పడుతుంది. పాట పెద్దగా ఉంటే పెద్ద దుప్పటి మీద కుట్టులా ఆ అతుకు కనపడదు. పాట మరీ చిన్నదైతే పాటంతా అతుకు మీదే బతకాలి. రెండు భాగాలూ ఎప్పుడూ చెయ్యి వదలకుండా మోసేలా చేస్తే అతుకు పోతుంది. బోలెడు కరెంటు వేడిగా పోతుంది, బలం కొంచెమే వస్తుంది. మీ ఇంటికి ఆ కొంచెమే చాలు. అలాంటి చిన్నది నేను చేసి పంపుతాను. ఇంతవరకు ఎవరూ నన్ను మెల్లగా పాడేది అడగలేదు వదినా. నిద్రలో కూడా అదే గీసుకుంటున్నాను.

ఇక ఇసుక. లేని ఇసుక మీ ఇద్దరికీ వినపడిందంటే నాకు విషయం అర్థమైంది. నువ్వు భయస్తురాలివి, వాడు మూగవాడు. పాట వాడికి గిట్టదు, ఆ మాట అనలేక ఇసుక అంటున్నాడు, నువ్వు వాడి తరఫున నాకు రాస్తున్నావు. నిన్న వాడికి విడిగా నాలుగు ముక్కలు గట్టిగానే రాశాను. పెళ్లాం పాట వినడం ఇష్టం లేకపోతే నోరు తెరిచి చెప్పు, నేను చేసిన పెట్టె మీద పెట్టకు అన్నాను. నువ్వేం కంగారు పడకు. నీ వెనక నేనున్నాను.

ఢంకా

* * *

మార్చి 24

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం మీ అన్నయ్య గారికి చేరింది. అన్నం ముందు కూర్చుని చదివారు. చదివి మడిచి జేబులో పెట్టుకుని, "నామీద రాశావా?" అని అడిగారు. లేదన్నాను. నమ్మారో లేదో తెలియదు. ఆ మర్నాటి నుంచి పని అయ్యాక ఇంటికి రావడం లేదు. బేకరీలోనే పిండి బస్తాల మీద పడుకుని సాయంత్రం వస్తున్నారు. "నువ్వు హాయిగా పాట పెట్టుకో, నాకు అక్కడ బాగానే ఉంది" అంటున్నారు. కోపంగా అంటే బాధ లేకపోయేది. మామూలుగా అంటున్నారు.

ఈ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. ఆయన మీద పుట్టింటి వాళ్లకి కూడా ఒక్క మాట చెప్పలేదు నేను. ఇసుక చప్పుడు ఉంది కనుక ఉందని రాశాను. నన్ను మీరు పిరికిదాన్ని, ఆయన్ని దొంగమాటల మనిషిని చేశారు.

ఆంప్లిఫయర్ ఆపేసి గుడ్డ కప్పాను. ఇప్పుడు ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. ఎవరి నిద్రా చెడదు, నిద్రపోయే మనిషే లేరు కాబట్టి. దయచేసి చిన్నది చేయకండి.

ఇట్లు,
మీ వదిన

* * *

ఏప్రిల్ 9

వదినా,

నువ్వు నన్ను మీరు అన్నావు. ఆ రెండక్షరాలు చదివాక ఉత్తరం మిగతాది మర్నాడు చదివాను.

నిన్ను తప్పని నిరూపించాలని అలాంటి పెట్టెనే ఇంకొకదాన్ని బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నం మెషీన్లన్నీ ఆపి అందరూ తినడానికి పోయాక కాయిల్స్ అక్కని పిలిచాను. పాటేమీ పెట్టకుండా స్పీకరు తగిలించి, "విను, ఏమైనా ఉందా?" అన్నాను. ఆవిడ వంగను కూడా వంగలేదు. నిలబడిన చోటే, "అయ్యో, వాన పడుతున్నట్టు లేదూ?" అంది.

నేను చెవి ఆనించాను. ఈ చెవి, ఆ చెవి. నాకు ఏమీ లేదు వదినా.

అక్క నా మొహం చూసి ఏదో అంది. మెల్లగా అంది కాబోలు, పెదాలు మాత్రం కనపడ్డాయి. ఆ సాయంత్రం తనే నన్ను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. గోడలకి మెత్తలు కుట్టిన చిన్న గది. తలకి హెడ్‌ఫోన్ పెట్టి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది డాక్టరమ్మ. మొదట్లో నొక్కాను. తర్వాత ఆవిడ ఏదో సర్దుకుంటోందనుకుని, మళ్లీ ఎప్పుడు మొదలుపెడుతుందా అని బటన్ మీద వేలుంచుకుని ఓపిగ్గా కూర్చున్నాను. ఆవిడ తలుపు తీసి, "అయిపోయిందమ్మా, రండి" అంది.

ఇన్నేళ్లు హాళ్లలో స్పీకర్ల ఎదురుగా నిలబడి ఇంకా పెంచు, ఇంకా పెంచు అన్నదాన్ని. పై స్వరాలు పోయాయట. పక్షి కూత, ఈల, ఆకుల గలగల, మాటల్లో స, శ. ఎప్పుడు పోయాయో కూడా తెలియలేదు. వాటికి చప్పుడు చేయకుండా పోవడం బాగా వచ్చు. ఎవరూ గొణగడం లేదన్నమాట. నువ్వూ గొణగలేదు.

మీ ఇంట్లో ఇసుక ఉంది. నీ మాట నిజం, అన్నయ్య మాట నిజం. వాడికీ రాశాను. నన్ను తిట్టమను, కానీ పిండి బస్తాల మీంచి లేచి ఇంటికి పొమ్మను.

చిన్నది సగం అయ్యింది. సగంలోనే ఆపేశాను. మెల్లగా పాడేదాన్ని చేసి అది ఎలా పాడుతోందో నేను ఎవరిని అడగాలి?

నీ మరదలు

* * *

ఏప్రిల్ 18

నా మరదలా,

నిన్ను మీరు అన్న చేతిని ఇవాళ సూదితో పొడుచుకున్నాను. కావాలని కాదులే, కళ్లు మసకేసి.

మీ అన్నయ్య నీ ఉత్తరం అందుకుని, చేతుల పిండి కూడా దులుపుకోకుండా ఇంటికి వచ్చేశారు. గుమ్మంలోనే నిలబడి, "దానికి వినపడదట" అన్నారు. ఆ ఒక్క మాటే రెండుసార్లు అన్నారు. తర్వాత కూర్చుని చాలాసేపు మాట్లాడారు. పెళ్లయ్యాక నేను అన్ని మాటలు వినడం అదే మొదటిసారి. చేతి మచ్చ ట్రే జారి పడిందట, నిద్ర వల్ల కాదట. పాట ఉంటేనే తనకి నిద్ర పడుతుందట, అవతలి గదిలో మనిషి ఉన్నట్టు తెలుస్తుందట. మరి బస్తాల మీద ఎందుకు పడుకున్నారంటే, "నీకు నావల్ల ఇబ్బందేమోనని" అన్నారు. ఆయనకి నావల్ల ఇబ్బందని నేను, నాకు ఆయనవల్ల ఇబ్బందని ఆయన. మీ వంశంలో నోరు ఉన్నది నీకొక్కదానికే.

ఇక నీ ప్రశ్న. ఎవరిని అడగాలి అంటే నన్ను అడుగు. చేతులు నీవి, చెవులు నావి. చిన్నది పూర్తి చేసి పంపు. ఇసుక ఉంటే ఇసుక అని రాస్తాను, మొహమాటపడను. నువ్వు మాత్రం ఈసారి నమ్మాలి.

వదిన

* * *

మే 5

మరదలా,

చేరింది. రొట్టె పెట్టెంత ఉంది, ముద్దొస్తోంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, మీ అన్నయ్య అప్పుడే దాని పక్కన చొక్కా ఆరేశారు. తీయించాను.

గరగర పోయింది. ఇసుక ఉంది, కానీ పిడికెడు కాదు, చిటికెడు. కుడివైపే. తిరిగి పంపుతున్నాను.

వదిన

* * *

మే 16

వదినా,

కుడివైపు లోపల ఒక తీగ కరెంటు తీగ పక్కనే పోతోంది. కళ్లకి కనపడింది, చెవికి అందలేదు. దాన్ని దూరంగా జరిపాను. మొత్తం బలం కూడా ఇంకాస్త తగ్గించాను. హాల్ వాళ్లు చూస్తే నవ్వుతారు. కింది స్వరాలు ఎత్తడానికి వెనక ఒక చిన్న మీట ఉంది. అది ఎంత ఉండాలో నీ ఇష్టం, నాకు చెప్పు చాలు.

ఓనరుతో చెప్పేశాను. హాళ్లకి ఇక వెళ్లను, బల్ల పనే చేస్తాను. ఆయన చాలా మంచి మాటలు చెప్పినట్టున్నాడు. సగం అందాయి.

ఢంకా

* * *

మే 27

మరదలా,

నిన్న దాన్ని పెట్టి, పాట పెట్టకుండా స్పీకరు ముందు కూర్చున్నాను. ఏమీ లేదు. ఇసుక లేదు, వాన లేదు. ఆపేసి ఉందేమోనని చూశాను, దీపం వెలుగుతోంది. అప్పుడు పాట పెట్టాను. ఎవరో గదిలోకి వచ్చి, మమ్మల్ని లేపకుండా గోడవార కూర్చుని, తనకోసమే పాడుకుంటున్నట్టు వచ్చింది. డ్రమ్ముకి పోయిన లోతు మళ్లీ వచ్చింది. మడతపెట్టే కాగితం చప్పుడు కన్నా పాటే చిన్నది, అయినా అందులో ఒక్కటీ తక్కువ కాలేదు.

నాకు ఏడుపొచ్చింది, ఇంత చేసిన మనిషి దీన్ని వినలేదే అని. సెలవు పెట్టి రా. ఉత్తరంలో కాదు, మనిషివి రా.

వదిన

* * *

జూన్ 20

మరదలా,

నువ్వు వెళ్లాక ఇల్లు ఒక సైజు పెద్దదైపోయింది. నువ్వు కూర్చున్న వాలుకుర్చీ ఇంకా పరదా ఎదురుగానే ఉంది, ఎవరం జరపలేదు.

ఆ ఆఖరి మధ్యాహ్నం మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. కిటికీ తెర మీద ఎండ కదులుతోంది. మీ అన్నయ్య పరదా వెనక ఒళ్లు తెలియకుండా నిద్ర. నేను రోజూ పెట్టుకునే చోటే నాబు పెట్టాను, ఒక్క వెంట్రుక కూడా పెంచలేదు. నువ్వు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నావు. కాసేపటికి, "వినపడుతోంది వదినా" అన్నావు. నా చేతిలో సూది ఆగిపోయింది.

డాక్టర్లు అన్నీ ఎక్కువ చేసి చెప్తారు. మెల్లగా పెట్టిన పాట నీకు వినపడిందిగా. మీ అన్నయ్యతో చెబితే, "అవునా, నేను నిద్రలో ఉన్నాను, నాకేం తెలియదు" అన్నారు. నువ్వు ధైర్యంగా ఉండు.

వదిన

* * *

జూన్ 29

వదినా,

చెవి మిషన్ వచ్చింది. డాక్టరమ్మ పెట్టి పంపింది. విప్పి చూడొద్దని మరీ మరీ చెప్పింది, నా సంగతి ఎలా తెలిసిందో. అదీ ఆంప్లిఫయరే. చిక్కుడు గింజంత ఉంది, రోజంతా చిన్న చిన్న చప్పుళ్ల కోసమే పనిచేస్తుంది. పెట్టుకుని వీధిలోకి రాగానే వెనక ఎవరో వస్తున్నారని తిరిగి చూశాను. నా చీర కుచ్చిళ్లే. మర్నాడు కాయిల్స్ అక్క ఏదో చెప్పి నవ్వింది. ఈసారి నాకు నవ్వు రాలేదు, జోకు అంత బాగాలేదు. ఇన్నాళ్లూ దీనికా నేను నవ్వింది అనుకున్నాను.

ఓనరు ఇళ్లలో వాడుకునే చిన్నవి కూడా చేద్దామంటున్నాడు. ఒప్పుకున్నాను, వినడానికి నాకు ఒక మనిషి ఉంది అని చెప్పాను. ఆ మనిషివి నువ్వే. కాదనకు.

ఇక నీ ఉత్తరం. వదినా, ఆ నాబు నేను బిగించాను. దాని గీత ఎటు చూస్తే పాట ఎంతుంటుందో నాకు చీకట్లో కూడా తెలుసు. నేను కళ్లు మూసుకునే ముందే చూశాను, గీత చివరిదాకా పోయి ఉంది. పాపం ఆ చిన్నది తన బలమంతా పెట్టి పాడుతోంది. కుర్చీ చెక్కలోంచి నా వీపుకి తెలుస్తోంది. పక్కింటివాళ్లు కూడా లేచి ఉంటారు.

మళ్లీ కళ్లు తెరిచాను. నువ్వు తల వంచుకుని కుడుతున్నావు. పరదా కింద జానెడు సందు ఉంది. అందులోంచి మంచం చివర అన్నయ్య పాదాలు కనపడ్డాయి. దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి, ఎంతో బుద్ధిగా నిద్రపోతున్నాడు. కుడికాలి బొటనవేలు మాత్రం తాళం వేస్తోంది. ఒక్క దెబ్బ కూడా తప్పకుండా వేస్తోంది. మధ్యలో పాట ఆగిన చోట అది కూడా ఆగి, గొంతు ఎత్తుకోగానే మళ్లీ మొదలుపెట్టింది.

అప్పుడే నేను వినపడుతోంది అన్నాను.

వాడికి ఈ ఉత్తరం చూపించకు. వచ్చే నెల మళ్లీ వస్తాను, అప్పుడు కూడా అలాగే నిద్రపొమ్మని చెప్పు.

మీ ఢంకా